కాలువ మొదలు దాకా

పాత రాజు పదిహేడో ఏడు, తిష్రీ నెల. పర్ణశాలల పండుగ అయిన మర్నాడు.

బబులోను పడిపోయిందట.

గోడ పగల్లేదు, గుమ్మం కాలలేదు. పారసీకులు నదిలో నడుముల్లోతు నీళ్లలోంచి నడిచి వచ్చి పట్నం పట్టుకున్నారని పడవవాడు చెప్పాడు. పడవవాళ్లు చెప్పేదాంట్లో సగం నీళ్లే ఉంటాయి. అయినా రాజు మారిన మాట నిజం.

నేనప్పుడు ఉల్లినారు నాటుతున్నాను. విన్నాను. మిగిలిన మడి కూడా నాటి ఇంటికొచ్చాను. రాజు ఎవడైనా ఉల్లి ఉల్లే.

సాయంత్రం కాలువ గట్టు మీది ప్రార్థన పాకలో ఊరంతా చేరింది. మేం యూదావాళ్లం ఈ కెబారు కాలువ మీదికి వచ్చి పడ్డాక ఇలా ఒకేసారి అందరూ నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదలు. అందరూ నావైపే చూశారు. ఎందుకు చూశారో నాకు తెలుసు. ప్రతి పస్కాకీ రొట్టె విరిచే ముందు లేచి నిలబడి నేను ఒక మాట అంటాను: "తలుపు తెరిచిన రోజున ఈ ఊరి నుంచి యెరూషలేము వైపు పడే మొదటి అడుగు రెఫాయాది." అన్నాను. తప్పేముంది? ఆ దేశంలో పుట్టినవాణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే మిగిలాను. నేను కాక ఇంకెవడంటాడు?

అహీకాము గాడిద చెవి దగ్గరికి వంగి, అందరికీ వినబడేలా అన్నాడు: "మంత్రీ, మీ దొరని చెప్పులు కుట్టించుకోమను."

నేనూ గాడిదతోనే అన్నాను: "మంత్రీ, ఆయన్ని నోరు కుట్టించుకోమను."

జనం నవ్వారు. వాళ్లకిది అలవాటే. అహీకాముది నా పక్క తోట. వాడికీ నాకూ మాటల్లేవు, మా తిర్సా పుట్టకముందు నుంచీ లేవు. ఏదైనా చెప్పాలంటే వాడు గాడిదకి చెబుతాడు, నేనూ గాడిదకే చెబుతాను. దానికి మంత్రి అని పేరు పెట్టింది నా పెళ్లాం యెదీదా. ఇద్దరు రాజుల మధ్య రాయబారం నడుపుతుందని. ఇది మూడో మంత్రి. ముందు రెండూ చచ్చాయి, మా మాటలు మోసి మోసి.

యెదీదా ఇవాళ నూనె కుండ పగలగొట్టింది. పెంకులు మంచివి, నున్నగా ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. నా అక్షరాలు కాకి నడిచినట్టుంటాయి. ఇంట్లో చదవడం వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. అదీ మంచిదే.


మర్హెష్వాను నెల. ఏ రాజు ఏడని రాయాలో తెలియదు.

పన్నుల బేలిద్దిను వచ్చాడు. అదే మనిషి, అదే పొట్ట, అదే కుంచం. పాత రాజు పేరు చెప్పి కొలిచిన చేత్తోనే కొత్త రాజు పేరు చెప్పి కొలిచాడు. ఖర్జూరాల కుప్ప మీద చెయ్యి పెట్టి కొత్త రాజు పేరున ప్రమాణం చెయ్యమన్నాడు.

"పేరేంటి దొరా?" అన్నాను.

చెప్పాడు. నాకు సరిగా అందలేదు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకోలా చెప్పాడు. ఆయనకే నోరు తిరగడం లేదు.

"నువ్వు అన్నదానికే ప్రమాణం దొరా" అని చెయ్యి తీసేశాను.


కిస్లేవు నెల.

దేవుళ్లు పోతున్నారు కాలువ వెంట. పాత రాజు ఊరూరి దేవుళ్లనీ పెరికి బబులోనుకి తెచ్చి పెట్టుకున్నాడు. కొత్త రాజు ఎవరి దేవుణ్ణి వాళ్ల ఊరికి పంపించేస్తున్నాడు. ఈ కాలువలో ఇంత రద్దీ నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ ఒక అమ్మవారు పోయింది. వాన పడుతోందని తుంగ చాపలు చుట్టారు. ఒక చెయ్యి మాత్రం బయటికుంది, తడుస్తోంది. అవతలి గట్టు మీద బబులోను ఆడవాళ్లు గొల్లుమని ఏడుస్తూ పడవ వెంట నడిచారు. యెదీదా బట్టలు ఉతుకుతున్నదల్లా లేచి నిలబడింది.

"పాపం, ఇంటికెళ్తోంది" అంది.

"రాయి అది. రాయికి ఇల్లేంటే?" అన్నాను.

"రాయికే ఉండగా..." అని మళ్లీ కూర్చుని ఉతుక్కుంది. 

తర్వాత బేలిద్దిను వచ్చి పాకలో కూర్చున్నాడు. "మీ దేవుడి బొమ్మ ఎక్కడుంది? దాన్నీ పంపాలట. పడవ చెప్పాలి" అన్నాడు.

"బొమ్మ లేదు దొరా" అన్నాను.

"లేదంటే? ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"మొదటి నుంచీ లేదు."

"మరి దేనికి మొక్కుతున్నారయ్యా మీరు ఇన్నాళ్లూ?"

అహీకాము మంత్రి మెడ నిమురుతూ అన్నాడు: "మంత్రీ, మేం పడమరకి తిరిగి దేవుడికి మొక్కుతాం, రెఫాయాగారు మాత్రం కిటికీకి మొక్కుతారని దొరగారికి చెప్పు."

బేలిద్దిను గాడిద వైపూ నా వైపూ చూసి, "మీ జాతితో వేగడం నా వల్ల కాదు" అని వెళ్లిపోయాడు. మా దేవుడు పడవెక్కడు. అందరి దేవుళ్లనీ ఆయన గట్టు మీద నిలబడి సాగనంపుతున్నాడని నేను అనుకున్నాను. బయటికి అనలేదు.


టేబేతు నెల.

వాన. మంత్రికి ముందుకాలు వాచింది. నువ్వుల నూనె రాశాను.


షెబాటు నెల. చలి.

తిర్సా వచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. నా మనవరాలు. కొడుకూ కోడలూ ఒకే జ్వరంలో పోతే యెదీదా, నేనూ పెంచాం. ఇప్పుడు అహీకాము మనవడు షల్లూము పెళ్లాం. ఆ సంబంధం కుదిర్చింది కూడా మంత్రే. మూడు వారాలు మాట్లాడింది పాపం, మా ఇద్దరి మధ్య తిరుగుతూ.

"తాతా, దేవుడి సంగతేమో గానీ నీ ప్రార్థనకి గాలి మాత్రం బాగా వస్తుంది" అంది.

ఈ ఇంటికి ఒకటే కిటికీ. ఉత్తరానికి. నేను ఆ దేశం నుంచి మా అమ్మ వీపు మీద వచ్చాను. ఎటు నుంచి వచ్చామో ఈ కళ్లతో చూశాను. పెద్ద నది వెంట పైనుంచి కిందికి, ఉత్తరం నుంచి వచ్చాం. వచ్చినవైపే కదా ఊరుండేది? పాక కట్టే రోజుల్లో, ప్రార్థనకి ఎటు తిరగాలని పెద్దలు అడిగితే ఆ మాటే చెప్పాను. అహీకాము ఎక్కణ్ణుంచో ఒక ఒంటెలవాణ్ణి పట్టుకొచ్చాడు. వాడు ఇసుకలోంచి అడ్డంగా పడి వచ్చే రకం. పొద్దు గుంకేవైపు యెరూషలేము అన్నాడు. ఊరు వాడి మాట పట్టుకుంది. ఇక్కడ పుట్టిన అహీకాముకి తెలుసట, అక్కడ పుట్టిన నాకు తెలియదట. ఇంటికొచ్చి ఉత్తరపు గోడకి కన్నం కొట్టాను. ఆ రోజు నుంచే మాటల్లేవు.

తిర్సా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. యెదీదా చూసింది. నేనూ చూశాను.  సాయంత్రం యెదీదా నెయ్యి ఎక్కువ వేసింది రొట్టెకి.


అదారు నెల. వచ్చే నెల నుంచి కొత్త రాజు మొదటి ఏడని రాయాలట.

చాటింపువాడు వచ్చాడు. పాక ముందు నిలబడి చదివాడు. యూదావాళ్లలో వెళ్లదలచినవాళ్లు వెళ్లొచ్చు. గుడి మళ్లీ కట్టుకోవచ్చు. ఉండదలచినవాళ్లు ఉండొచ్చు. అంతే.

ఎవరూ గెంతలేదు. తరిమితే ఏడవొచ్చు. కట్టేస్తే ఏడవొచ్చు. నీ ఇష్టం అంటే ఏం చెయ్యాలి? మా నాన్నకి ఎవరూ నీ ఇష్టం అనలేదు. నాకూ ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు.

అహీకాము మాత్రం వెంటనే మంత్రితో చెప్పాడు: "నేను ఇక్కడ పుట్టాను, ఇక్కడే పోతాను. నాకు దాపరికం లేదు. మీ దొర సంగతి అడుగు."

నేను లేచి వచ్చేశాను. పని ఉంది.


అదారు. రెండు రోజుల తర్వాత.

తిర్సా, షల్లూము ఇద్దరూ వచ్చారు. షల్లూము ఇటుకలు కోస్తాడు. మంచి పనివాడు, మాట తక్కువ. ఇవాళ మాత్రం ఆగకుండా మాట్లాడాడు. "తాతా, అక్కడ కొండంతా రాయేనట కదా! ఇటుక వానకి కరిగిపోతుంది. రాయి కోస్తే ముని మనవలదాకా ఉంటుంది" అన్నాడు. వాడి చేతులు అప్పుడే రాయి పట్టుకున్నట్టున్నాయి.

తిర్సా అంది: "పురుడు అక్కడే పోసుకుంటాను తాతా. ఎప్పుడు బయల్దేరదాం?"

"మీరు పొండి, నేను..."

"నువ్వు లేకుండా నేను గడప దాటను. దారి తెలిసినవాడివి నువ్వొక్కడివి. నువ్వు వస్తే వస్తాను, ఉంటే ఉంటాను."

షల్లూము మొహం చూశాను. వాడు నా మొహం చూడలేదు, నేల చూశాడు.

కడుపులో బిడ్డతో సహా వచ్చి నా మాట మీద కూర్చుంది పిల్ల.


అదారు. విశ్రాంతి దినం వెళ్లాక.

నాకు వెళ్లాలనే ఉంది. ఎవరు కాదన్నారు? మంత్రి కాలు ఇంకా నయం కాలేదు. కుంటి గాడిదతో ఎలా పోతాం?


అదారు.

మంత్రి కాలు నయమైంది.


నీసాను నెల. కొత్త రాజు మొదటి ఏడు.

వెళ్లాలనే ఉంది. ఖర్జూరపు ఆడ చెట్లు విచ్చుకున్నాయి. మగ చెట్టు పూత తెచ్చి కట్టకుండా వదిలేసి పోతే కాపు ఉండదు. నేను నాటిన చెట్లు. పాపం కదా. అది అయ్యాకే.

చెట్టు మీద ఉండగా అహీకాము కింద నిలబడి మంత్రితో అన్నాడు: "ఈ వయసులో చెట్టెక్కేవాడు యెరూషలేముకి నడవలేడా అని జనం అడుగుతున్నారు."

"జనం అడుగుతున్నారా, తనే అడుగుతున్నాడా కనుక్కో మంత్రీ!" అన్నాను పైనుంచి.

పైనుంచి ఊరంతా కనబడుతుంది. కాలువ, కాలువ మీద గట్టు, గట్టు మీద మా పాక. యెదీదా పెరట్లో రొట్టెలు కాలుస్తోంది. పొయ్యి పొగ తిన్నగా లేస్తోంది. కాసేపు కూర్చున్నాను. ఊరికే, ఆయాసం తీరడానికి.


నీసాను.

చెట్ల పని అయిపోయింది.


నీసాను. పస్కాకి ముందు.

ఊళ్లో అందరూ మూటలు కడుతున్నారు. వెళ్లేవాళ్లు సగం కూడా లేరు గాని, చప్పుడు మాత్రం ఊరంతటిదీ. యెదీదా ఒక్క గుడ్డ కూడా మడవలేదు. కోపం వచ్చింది.

"ఏమే, మనం వెళ్లాలని లేదా నీకు?"

"కట్టమంటే కడతాను" అంది.

"ప్రతిదీ నేనే చెప్పాలా?"

"ఇన్నేళ్లూ నువ్వే కదా చెప్పింది! పస్కా పస్కాకీ చెప్పావు. నేనెప్పుడైనా లేచి నిలబడ్డానా?"

"నీ మోకాళ్లతో నువ్వు లేవడమే గొప్ప" అన్నాను.

నవ్వింది. ఆమె నవ్వితే నాకు పోట్లాట నిలవదు. కానీ ఏం కావాలో మాత్రం చెప్పలేదు. నన్ను అడగనూ లేదు. నాకు వెళ్లాలనే ఉంది, అడిగితే అదే చెప్పేవాణ్ణి.


నీసాను. పస్కా మర్నాడు.

నిన్న లేచి నిలబడ్డాను. చేదు కూర వాసన, పులియని రొట్టె, పాక నిండా జనం. కూర్చుందామనుకున్నాను. తిర్సా నావైపు చూస్తోంది. మొదటి వరసలో కూర్చుంది, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని.

"మొదటి అడుగు రెఫాయాది" అన్నాను.

అన్న తర్వాత ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అహీకాము గాడిద కోసం వెతికాడు. మంత్రి బయట గడ్డి తింటోంది. అందుకని ఏమీ అనలేకపోయాడు.


అయ్యారు నెల. బయల్దేరే ముందు రోజు.

యెదీదా ఆ మోకాళ్లతో అంత దూరం నడవలేదు. "నువ్వు ముందు పిల్లతో పద. ఇల్లు పక్కవాళ్లకి అప్పజెప్పి వెనక వచ్చే పడవలో వస్తాను" అంది.

పడవలో వస్తుంది. పడవలు చాలానే ఉన్నాయి. వస్తుంది.

నా మూట తనే కట్టింది. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. "కాలువ మొదలు చేరేదాకా విప్పకు, పురుగులు చేరతాయి" అంది. ఇన్నేళ్ల కాపురంలో నా మూట ఎప్పుడూ ఇంత తేలిగ్గా లేదు. మంచిదే. ముసలివాణ్ణి, బరువు మొయ్యలేను.

అన్నాను కదా, వస్తుంది.


అయ్యారు. దారిలో.

మొదటి అడుగు నాదే. ఊరి గుమ్మం దగ్గర అందరూ ఆగి దారిచ్చారు. కుడికాలు పెట్టాను. వెనక్కి చూడలేదు. చూస్తే తప్పేం కాదు, ఊరికే చూడలేదు.

తిర్సా మంత్రి మీద కూర్చుంది. షల్లూము తాడు పట్టుకున్నాడు. కాలువ గట్టు వెంట ఎదురు నీటి వైపు, ఉత్తరానికే నడిచాం. నా కిటికీ చూపించిన వైపే. అందరూ చూస్తున్నారు కదా, నేనేం అనలేదు. ఒక్కసారి మాత్రం గట్టిగా దగ్గాను.

అహీకాము కూడా వస్తున్నాడు. "మంత్రీ, మనవణ్ణి మలుపు దాకా సాగనంపి వెళ్లిపోతాను" అన్నాడు. మలుపు దాటింది. "ఆ తాటి చెట్టు దాకా" అన్నాడు. చెట్టూ దాటింది. ఇప్పుడు ఏ చెట్టూ చెప్పడం లేదు, నడుస్తున్నాడు. వాడి చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. తిండి కూడా తెచ్చుకోలేదు మూర్ఖుడు, నాతోపాటు తిర్సా మూటలోంచే తింటున్నాడు.


అయ్యారు. కాలువ మొదలు.

ఇక్కడ కాలువ పెద్ద నదిలోంచి చీలుతుంది. ఎక్కడెక్కడి యూదావాళ్లో ఇక్కడ చేరారు. ఒంటెలు, మేకలు, పిల్లలు, తిట్లు. మా ఊరి చప్పుడు దీని ముందు ఏపాటిది?

మూట విప్పాను.

రొట్టెలు. ఎండు చేప. ఉల్లిపాయలు, నేను నాటినవే. అంతే. దుప్పటి లేదు. చలి అంగీ లేదు. నీళ్ల తిత్తి లేదు. రొట్టెలు ఒక మనిషికి ఎక్కువ, యెరూషలేముకి తక్కువ. దేశం దాటేవాడి మూట కాదది. పొలం నుంచి ఇంటికొచ్చేవాడి మూట.

 తిర్సా వచ్చి పక్కన కూర్చుంది. మూటలోకి చూసి ఆశ్చర్యపోలేదు.

"అవ్వ ముందే చెప్పింది తాతా" అంది.

"ఏమని?"

"'మీ తాతని కాలువ మొదలు దాకా నడిపించుకుపో. ఆయన మాట ఆయన నిలబెట్టుకోనీ. అక్కణ్ణుంచి ఇంటికి పంపెయ్' అంది."

"అంటే మీరిద్దరూ కలిసి నన్ను..." అని లేవబోయాను. మోకాలు పట్టేసింది, మళ్లీ కూర్చున్నాను. "మరి నువ్వు? నేను లేకుండా కదలనన్నావే?"

"ఊళ్లో ఉండగా కదల్లేననుకున్నాను. కదిలేశాను కదా!" అంది. నది వైపు చూసింది. "ఇంక దారి కనబడుతూనే ఉంది తాతా."

షల్లూము దూరంగా నిలబడి గడ్డి పోచ ముక్కలు చేస్తున్నాడు. రమ్మన్నాను. తాడు వాడి చేతిలోంచి తీసుకుని తిర్సా చేతిలో పెట్టాను. "మంత్రిని మీరే ఉంచుకోండి. కాన్పు అయ్యేదాకా దీన్ని దిగొద్దు. నది వదలకండి. నాకు గుర్తున్నదంతా అంతే" అన్నాను.

అంతే గుర్తుంది, నిజం. అమ్మ వీపు మీద కూర్చున్నవాడికి ముందున్నది కనబడదు, వెనకదే కనబడుతుంది. దుమ్ము కనబడింది. ఒక కుక్క కనబడింది. అది మా ఊరిది. మా వెనకే చాలా దూరం వచ్చి ఒక రేవు దగ్గర ఆగిపోయింది. మమ్మల్ని చూస్తూ తోక ఊపింది. తర్వాత తిరిగి వెళ్లిపోయింది. చిన్నప్పుడు దాన్ని తిట్టుకునేవాణ్ణి, విశ్వాసం లేదని. దానికి ఇంటి దగ్గర పనుండి ఉంటుంది.


అయ్యారు. తిరుగు దారి.

పొద్దున్నే వాళ్లు వెళ్లిపోయారు. తిర్సా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మంత్రి మాత్రం తిరిగి చూడలేదు. మూడు తరాల మంత్రిత్వానికి అంత విశ్వాసం.

దుమ్ము అణిగాక చూస్తే గట్టు మీద నేనూ అహీకామూ మిగిలాం. మధ్యన గాడిద లేదు.

ఇద్దరం నడిచాం. చాలా దూరం. వాడికి ఏదో చెప్పాలని ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. నీళ్ల ఒడ్డున ఒక కొంగ నిలబడి ఉంది. దాని వైపు తిరిగి నోరు తెరిచాడు. కొంగ ఎగిరిపోయింది.

ఇక గత్యంతరం లేక నావైపు తిరిగాడు.

"దారి నువ్వు చెప్పినట్టే ఉత్తరానికి పోతోంది" అన్నాడు.

 నేను నడక కాస్త నిదానం చేశాను.

"ఊరు మాత్రం పడమరే" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత వాడితో నేరుగా అన్న మొదటి మాట అది. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. పళ్లు ఎక్కువ లేవు.

ఆకలేసి తూముగట్టు మీద కూర్చున్నాం. మూట విప్పాను. వాడు అటు తిరిగి నది చూస్తున్నట్టు నటించాడు. ఒక రొట్టె వాడి ఒళ్లో పడేశాను. ఆ పూట, మర్నాడు, ఆ మర్నాడు కూడా తిన్నాం. ఊరు కనబడే చోటికి వచ్చేసరికి ఇద్దరికీ చెరి సగం రొట్టె మిగిలింది.

యెదీదా కట్టింది ఇద్దరికి. ఆడది కాదు అది, పారసీకుల రాజు దగ్గర సేనాపతిగా ఉండాల్సింది.


అయ్యారు. ఇల్లు.

దూరం నుంచే పొగ కనబడింది. పొయ్యి ఆర్పనే లేదు. చాప మడవలేదు. తాళం తీసింది లేదు, వేసింది లేదు.

"వచ్చారా? కాళ్లు కడుక్కోండి. చేపలు చల్లారిపోతున్నాయి" అంది, ఇద్దరితోనూ.

"పడవలో వస్తానన్నావు" అన్నాను.

"పడవ దొరకలేదు."

ఆమె వెనక కాలువలో వరసగా పడవలు పోతూనే ఉన్నాయి.

"నీకు వెళ్లాలని ఉందేమో అనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నాను.

"నాకా? ఇదేం పిచ్చి? ఈ పొయ్యి వదిలి ఎక్కడికి పోతాను? నీకే ఉందేమోనని భయపడి చచ్చాను, కొండ నేల మీద ఉల్లి పండుతుందో లేదో అని."

తిన్నాం. అహీకాము రెండు చేపలు ఎక్కువ తిన్నాడు. పోనీ.


తమ్మూజు నెల. ఎండ.

ఖర్జూరాలు గెల గెలకీ దిగాయి. పూత బాగా కట్టాను ఈ ఏడు.

అహీకాము రోజూ పొద్దు వాలగానే వచ్చి నా కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు. మొక్కడానికి కాదట, గాలికట. గాలికి వచ్చినవాడు కళ్లార్పకుండా దారి వైపు ఎందుకు చూస్తాడు?  రెండో చాప పరిచాను. యెదీదా ఇద్దరికీ పోస్తోంది బార్లీ సారాయి.

"మళ్లీ ఒక గాడిదని కొందామా?" అన్నాడు.

"ఎందుకు? నువ్వున్నావుగా" అన్నాను.

ఇవాళ ఎగువ నుంచి పడవవాడు వచ్చాడు. మనవాళ్ల గుంపుని చూసినవాణ్ణి చూసినవాడు చెప్పాడట. అందరూ బాగున్నారట. ఒక గాడిద అందరికంటే ముందు నడుస్తోందట, మీద నిండు చూలాలు కూర్చుందట. పడవవాళ్లు చెప్పేదాంట్లో సగం నీళ్లే. మిగతా సగం నేను ఉంచుకున్నాను.

"ఇంకా ఉత్తరానికేనా?" అని అడిగాను.

"లేదు తాతా, నది వదిలి తిరిగారట. పొద్దు గుంకేవైపు పోతున్నారట" అన్నాడు.

అహీకాము నావైపు చూశాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. చేతిలో గిన్నె నాకందించాడు. వాడు పుట్టి చేసిన మంచి పని అదొక్కటే.

రేపు పడమటి గోడకి కూడా ఒక కన్నం కొడతాను. యెదీదాకి చెప్పాను. "పడమటి నుంచి గాలెక్కడ వస్తుంది ముసలాడా, ఎండ తప్ప!" అంది.

గాలి కోసమే.